మోకాలే మందు తయారుచేసుకుంటే

నాట్ల కాలంలో బాన్సువాడ చుట్టుపక్కల నిజాంసాగర్ ఆయకట్టులో ఆడవాళ్లు పొద్దంతా బురదలో నడుం వంచి నిలబడతారు. వయసు మళ్లేసరికి చాలామందికి మోకాళ్లు పట్టేస్తాయి. ‘గుజ్జు అరిగింది’ అంటారు డాక్టర్లు. గోలీలు, సూదిమందులు, చివరికి కీలు మార్పిడి. నొప్పి తగ్గించే దారులున్నాయి గానీ అరుగుదలను ఆపే మందు ఇంకా రాలేదు. దాన్ని ఆపాలని తయారుచేసిన ఒక యంత్రం ఉంది. కొలత 25 నానోమీటర్లు.

అది పుట్టుకతో వైరస్. 1965లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో రాబర్ట్ ఆచిసన్ బృందం అడినోవైరస్ అనే మరో వైరస్‌ను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తుంటే, మధ్యలో మరీ చిన్న రేణువులు కనబడ్డాయి. అడినోవైరస్ తోడుంటే తప్ప అవి పెరగవు. అందుకే అడినో అసోసియేటెడ్ వైరస్, ఏఏవీ అన్నారు. దాని సొంత జన్యువులు తీసేస్తే, దాదాపు 4,700 అక్షరాల డీఎన్‌ఏ పట్టే చోటు మిగులుతుంది.

అందులో ఏం పెట్టాలి? అరిగే కీలులో ఇంటర్‌ల్యూకిన్-1 అనే ప్రోటీన్ వాపును రేపి, గుజ్జును కరిగించే ఎంజైములను పురికొల్పుతుంది. దానికి అడ్డుపడే ప్రోటీన్ కూడా మన ఒంట్లోనే ఉంది, చాలినంత ఉండదు, అంతే. దాన్నే మందుగా మోకాలిలోకి ఎక్కించి చూశారు. 2009లో వెలువడిన పరీక్షలో, నెల తిరిగేసరికి ఉత్తుత్తి సూదికీ దానికీ తేడా కనబడలేదు. గండిపడ్డ మడిలో నీళ్లు నిలవనట్టు, ఆ మందు కీలులో నిలవదు.

జన్యు చికిత్స పరిశోధకుడు క్రిస్టఫర్ ఎవాన్స్ పట్టుదలంతా ఇక్కడే. కీలు లోపలి పొరలోని కణాలకు జన్యువు అందిస్తే, ఆ ప్రోటీన్‌ను అవే తయారుచేస్తూ ఉంటాయి కదా! 1996లో ఆయన, సహ పరిశోధకుడు పాల్ రాబిన్స్ పిట్స్‌బర్గ్‌లో తొమ్మిదిమంది కీళ్లవాతం ఉన్న స్త్రీలతో పరీక్ష మొదలుపెట్టారు. పొర కణాలు బయటికి తీసి, జన్యువు చేర్చి, వేలి కీళ్లలోకి తిరిగి ఎక్కించారు. వారం తర్వాత, ఎలాగూ మార్చాల్సిన ఆ కీళ్లను తీసి చూస్తే జన్యువు పనిచేస్తోంది. కానీ మనిషి మనిషికీ కణాలు పెంచడం ఎంత పని! అందుకే జన్యువును కణాల్లోకి మోసుకెళ్లే ఏఏవీ. తిన్నగా మోకాలిలోకి ఒక్క సూది. ముందు గుర్రాల కీళ్లలో పరీక్షించారు. వాటికీ కీళ్లు అరుగుతాయి.

తర్వాత అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎవాన్స్ బృందం తొమ్మిదిమందికి, ఒక్కొక్కరికి ఒక్క మోకాలిలో, ఆ సూది వేశారు. తక్కువ మోతాదులోనే 10 వేల కోట్ల వైరస్ రేణువులుంటాయి. 2025లో ఫలితాలు వెలువడ్డాయి. ఏడాది తర్వాత కూడా కీలు ద్రవంలో ఆ ప్రోటీన్ ఎక్కువగానే ఉంది. నా దృష్టిలో అసలు గెలుపు అదే. నొప్పీ తగ్గింది, అయితే పోల్చడానికి ఉత్తుత్తి సూది వేసినవాళ్లు ఈ పరీక్షలో లేరు. గుజ్జు అరుగుదల ఆగిందని చెప్పాలంటే ఎక్కువమందిని, ఏళ్ల తరబడి చూడాలి.

ఇంకో చిక్కుంది. ఒకసారి ఈ వైరస్ ఒంట్లోకి వెళ్తే దాన్ని పట్టేసే యాంటీబాడీలు పుడతాయి, రెండోసారి అదే సూది పనిచేయకపోవచ్చు. నాట్లు వేసే మనిషికి నొప్పి రెండు మోకాళ్లలోనూ ఉంటుంది. రెండింటికీ ఒకేసారి వేయవచ్చా అన్నది పరిశోధకులు తేల్చాల్సిన ప్రశ్న.