దంతముల యోగక్షేమములు



మనము ఉత్తరములు వ్రాయునపుడు "మీ యోగక్షేమములు తెలియజేయుడు" అని వ్రాయుట వాడుక. ఈ జంటపదమున రెండు వేర్వేఱు భావములు గలవు. లేనిదానిని సంపాదించుట యోగము. సంపాదించినదానిని చేజాఱకుండ కాపాడుకొనుట క్షేమము. చెఱువు త్రవ్వించుట యోగము. ఏటేట దాని కట్టను కనిపెట్టి చూచుకొనుట క్షేమము. మొదటిదానికి ఉత్సాహము చాలును. రెండవదానికి ఓర్పు కావలెను. నేటి ప్రసంగము పిల్లల దంతములను గుఱించినదే యైనను, దాని సారమంతయు ఈ రెండు మాటలలోనే యిమిడియున్నది.

పండ్లకు క్లిప్పులు వేయించుట నేడు పట్టణములందే కాక పల్లెలందును కానవచ్చుచున్నది. ఎగుడుదిగుడుగా నున్నవియు, ఒకదానిపై నొకటి యెక్కినవియు నగు దంతములను వైద్యులు సామాన్యముగా ఏడాదిన్నర, రెండేండ్లలో వరుసకు తెచ్చుచున్నారు. క్లిప్పులు తీసిననాడు ఇంటిల్లిపాదికిని పండుగ. ఆనాడే వైద్యుడు మఱియొక చిన్న పరికరమును చేతికిచ్చి, దీనిని మానక ధరింపవలెనని చెప్పును. దానిని రిటైనరు అందురు. పట్టియుంచునది యని యర్థము. "పని ముగిసినది గదా, మరల ఇదెందులకు?" అని పిల్లలు దానిని మూల బెట్టుదురు, పెద్దలును ఔననుకొందురు. కొన్ని మాసములు గడచునప్పటికి పండ్లు మరల పాతదారి పట్టును. రెండేండ్ల శ్రమయు, వేలకొలది రూపాయలును వ్యర్థమగును. క్లిప్పులు యోగము, రిటైనరు క్షేమము. రెండవది లేక మొదటిది నిలువదు.

ఇట్లేల జరుగునో తెలిసికొందము. పన్ను ఎముకలో మేకువలె దిగగొట్టబడినది కాదు. పంటి మూలమునకును, దాని చుట్టునున్న దౌడ యెముకకును నడుమ సన్నని నారల పొర యొకటి గలదు. దాని మందము మిల్లీమీటరులో సుమారు ఐదవవంతు. నులకమంచమున మనుష్యుడు పడుకొన్నట్లు పన్ను ఆ నారలలో వ్రేలాడుచుండును. క్లిప్పులు పంటిని మెల్లగా ఒక ప్రక్కకు నొక్కును. నొక్కుడు పడినవైపున ఎముక కరగి దారి యిచ్చును; వెనుకవైపున క్రొత్త యెముక పుట్టి ఖాళీని పూడ్చును. ఈవిధముగా పన్ను ఎముకలోనే నడచి క్రొత్తచోటికి చేరును.

చేరుట వేఱు, స్థిరపడుట వేఱు. క్లిప్పులు తీసిననాటికి ఆ క్రొత్త యెముక ఇంకను లేతగా నుండును. పంటి గూటిలోని నారలు మరల అమరుటకు మూడు నాలుగు మాసములు పట్టును. చిగుళ్లలోని దళసరి నారలకు నాలుగు మొదలు ఆఱు మాసములు పట్టును. పంటి మెడను చుట్టుకొనియున్న సాగెడు నారలకు ఒక్కొక్కప్పుడు ఏడాదికి మించియు పట్టును. అంతవఱకు నవి లాగిన రబ్బరువలె పంటిని పాతచోటికి ఈడ్చుచునే యుండును. మెలితిరిగియుండిన పంటిని సరిచేసినప్పుడు ఈ యీడ్పు మఱింత హెచ్చు. వంగిన మొక్కను నిలువబెట్టి కఱ్ఱకు కట్టిన రైతు, వేరు నిలదొక్కుకొనకమునుపే కట్టు విప్పునా?

ఆ యేడాది గడచిన పిమ్మట భయము లేదా యనినచో, ఉన్నది. దంతములు జీవితాంతము మెల్లగా కదలుచునే యుండును. ఇది మీకు అనుభవమే. ఒక పన్ను తీయించుకొన్నచో ప్రక్కపన్ను ఆ సందులోనికి వాలును. ఎదుటి పన్ను చోటు దొరకినదని దిగివచ్చును. ఎన్నడును క్లిప్పులు వేసికొననివారికి సైతము నలువది, ఏబది యేండ్ల ప్రాయమున క్రింది ముందుపండ్లు ఇఱుకుకొనుట కలదు. జ్ఞానదంతములు వెనుకనుండి త్రోయుటచే ఇట్లగునని పలువురు నమ్ముదురు గాని, పరిశోధనలు ఆ నమ్మకమును బలపఱుపలేదు.

అమెరికాలోని వాషింగ్టను విశ్వవిద్యాలయమువారు, కొన్ని దంతములు తీయించి వరుస సరిచేయించుకొన్న 65 మందిని పరీక్షించి 1981లో ఫలితములు ప్రకటించిరి. రిటైనరు మానిన పదియేండ్లకు క్రింది ముందుపండ్ల వరుస తృప్తికరముగా నిలిచినవారు నూటికి ముప్పదిమందికి లోపే. కావుననే నేటి వైద్యులు "వరుస ఎన్నాళ్లు నిలువవలెనో అన్నాళ్లును రిటైనరు కావలెను" అని చెప్పుచున్నారు.

రిటైనర్లు ముఖ్యముగా మూడు విధములు. అంగిటికి అంటుకొనియుండు బిళ్ళయు, ముందుపండ్లపై నడచు తీగయు గలది మొదటిది. చార్లెస్ హాలీ యను అమెరికా దంతవైద్యుడు 1919లో దీనిని గూర్చి ప్రకటించెను. నేటికిని అది అతని పేరనే చెల్లుచున్నది. పండ్లపై తొడుగువలె కూర్చుండు, అద్దమువంటి ప్లాస్టిక్ అచ్చు రెండవది. ముందుపండ్ల వెనుక అంటించి వదలివేయు సన్నని తీగ మూడవది. ఈ తీగను తీసిపెట్టు పని లేదు గాని, దానివెంట గార పేరుకొనును. అది యొకచోట ఊడినను తెలియకపోవచ్చును. కావున దానిని శుభ్రముగా తోముకొనుచు అప్పుడప్పుడు వైద్యునికి చూపుచుండవలెను.

తీసి పెట్టుకొను రిటైనరును తొలిమాసములలో భోజనమునకు, పండ్లు తోముకొనుటకు తప్ప రేయింబవళ్లు ఉంచుకొమ్మని పలువురు వైద్యులు చెప్పుదురు; పిమ్మట రాత్రులందు మాత్రమే చాలునందురు. కొందఱు మొదటినుండియు రాత్రులకే పరిమితము చేయుదురు. వారివారి వైద్యుని మాటయే వారికి ప్రమాణము.

ఇక ఇంటిపెద్దలు గమనింపవలసినవి కొన్ని గలవు. నోటినుండి తీసినది ఎంగిలి గదా, మరల నోట బెట్టుకొనుట యేమి యని మన ఇండ్లలో పెద్దలు విసుగుకొనుట కలదు. ఆ శౌచబుద్ధి మంచిదే. దానిని సద్వినియోగము చేయవలెను. రిటైనరునకు ప్రత్యేకముగా ఒక డబ్బీ నుంచి, చేతులు కడుగుకొని తీయుటయు పెట్టుటయు అలవాటు చేయించినచో ఆచారమును, ఆరోగ్యమును రెండును నిలుచును. ప్రతిదినము చన్నీటితో, మెత్తని బ్రష్షుతో దానిని కడుగవలెను. శుద్ధియగునని సలసల కాగు నీటిలో వేయరాదు. వేసినచో వంకర తిరిగి పనికిరాకపోవును. ఎండలోను, పొయ్యి దాపునను పెట్టరాదు.

పెండ్లి పంక్తిలో పిల్లలు దానిని తీసి కాగితమున చుట్టి విస్తరి ప్రక్కన బెట్టుదురు. విస్తరితోపాటు అదియు పోవును. కుక్కలకు గూడ దానిని కొఱుకుట యందు ప్రీతి. కావున నోటిలోనైన నుండవలెను, డబ్బీలోనైన నుండవలెను. మూడవ చోటు దానికి లేదు.

సంక్రాంతికిని వేసవి సెలవులకును మనుమలు మన యిండ్లకు వత్తురు. బట్టలు, పుస్తకములు తెచ్చుకొని దీనిని పట్టణముననే మఱచివత్తురు. నెలదినములు ధరింపక, పిదప పెట్టుకొన్నచో బిగుతుగా నుండును. ఆ బిగుతు పండ్లు కదలినవనుటకు సాక్ష్యము. పూర్తిగా కూర్చున్నచో వైద్యుని యడిగి మరల ఎక్కువసేపు ధరింపజేయవలెను. కూర్చుననిచో బలవంతముగా అదుమరాదు. తీగను మనమే వంచరాదు. విఱిగినను, పోయినను మఱుసటి సెలవులవఱకు ఆగక వెంటనే క్లిప్పులు వేసిన వైద్యునికి తెలుపవలెను. ఆయన దూరమున నున్నచో హైదరాబాదు, విజయవాడ, కడప పట్టణములందు ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు గలవు. క్రొత్త రిటైనరు ఖర్చు, మరల క్లిప్పులు వేయించు ఖర్చుకంటె మిక్కిలి తక్కువ.

సంస్కృతమున దంతమునకు ద్విజమని పేరు. పాలపండ్లు రాలి, రెండవమాఱు పుట్టుటచేత ఆ పేరు వచ్చినది. మూడవ జన్మము లేదు. ఉన్న వరుసను నిలుపుకొనుటయే మిగిలిన పని. క్లిప్పులు వేయు నేర్పు వైద్యునిది. డబ్బు కూర్చుట తల్లిదండ్రులది. రాత్రి దీపమార్పబోవునపుడు "ఏమిరా, రిటైనరు పెట్టుకొంటివా?" అని యడుగుట మాత్రము ఇంట నుండు పెద్దలకు సులభము. తాతయో నాయనమ్మయో నిత్యమును అడుగు ఆ యొక్క మాటయే పిల్లవాని దంతములకు క్షేమము.