ఉమ్మడి దారి దస్తావేజులో ఉండాలి

అన్నదమ్ములు ఇంటిస్థలం పంచుకునేటప్పుడు గజం గజానికీ పట్టుబడతారు గానీ, వెనక వాటాకు వెళ్లే దారిని మాత్రం నోటిమాటతో సరిపెడతారు. ముందు వాటా చేతులు మారి, కొన్నవాళ్లు ప్రహరీ కట్టి గేటుకు తాళం వేసినప్పుడు తగాదా మొదలవుతుంది. ఇరవై ఏళ్లుగా నడుస్తున్నాం కాబట్టి దారి మాదేనన్నది వెనకవాళ్ల ధీమా. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 15వ సెక్షన్ అంత తేలిగ్గా ఒప్పుకోదు. 20 ఏళ్లు బాహాటంగా, తగాదా లేకుండా, ఎడతెగకుండా వాడుకోవడమే కాదు, హక్కుగా వాడుకున్నట్టు రుజువు చేయాలి. చుట్టరికం కొద్దీ ఇచ్చిన అనుమతి ఎన్నేళ్లు సాగినా అనుమతే.

వేరే దారి లేనప్పుడు కోర్టు కాపాడదా అంటారు. కాపాడుతుంది. పంపకంలో ఒక వాటాకు మరో వాటా మీదుగా తప్ప దారి లేకుంటే, కాగితంలో రాయకపోయినా 13వ సెక్షన్ ఆ హక్కు ఇస్తుంది. అయితే అది అవసరం ఉన్నంతవరకే. వెనకవైపు రోడ్డు పడి అవసరం తీరితే 41వ సెక్షన్ కింద హక్కూ పోతుంది. పైగా ఒక రకం దారి హక్కులో ఇంకో రకం దారి హక్కు ఇమిడి ఉండదని 28వ సెక్షన్ అంటోంది. మనుషులు నడిచిన సందులో రేపు కారు పోనిమ్మంటే చెల్లకపోవచ్చు.

సొంతవాళ్ల మధ్య రాతకోతలేమిటన్న మొహమాటం నాకు అర్థమవుతుంది. కానీ రేపు ఆ ఇంట్లో ఉండేది తమ్ముడు కాదు, అతని దగ్గర కొన్న కొత్తమనిషి. అందుకే దారి వెడల్పు ఎన్ని అడుగులో, బండ్లు పోవచ్చో లేదో, మరమ్మతు ఎవరిదో రాసి, ప్లాను జతచేసి రిజిస్టర్ చేయించుకోండి. కొనేవాళ్లు బయానా ఇచ్చేముందే చెక్కుబందీని స్థలం దగ్గర సరిచూసుకోండి.