సాకకు కాసుకున్నా కేసేనా? ఇంటి సారా మీద చట్టం ఏమంటున్నది

పోయిన నెల మా పక్క తండాల ఉండే ఒక అక్క జహీరాబాద్ బస్టాండ్ కాడ నన్ను ఆపింది. చేతుల నాలుగు మడతలు వెట్టిన కాయిదం. బైండోవర్ కాయిదం. ఏలిముద్ర ఏసి వచ్చింది గని అండ్ల ఏం రాసున్నదో ఆమెకు ఎరుక లేదు. లక్ష రూపాయల పూచీకత్తు అని నేను సదివి చెప్పేసరికి ఆమె మొకం తెల్లవోయింది.

"తమ్మీ, నేను దుక్నం వెట్టి అమ్మలే. బిడ్డ లగ్గం ఉన్నదని ఐదు సీసలు కాసుకున్న. అండ్ల సొంటి, వాము ఏసిన. మా పెద్దోళ్ల కాలం నుంచి దేవునికి సాక వోసేది గదే. వైన్స్‌ల కొంటే తప్పు లేదట, ఇంట్ల కాసుకుంటే తప్పట. గిదేం లెక్క?"

గీ ప్రశ్న ఆమె ఒక్కదానిది గాదు. మొగుడంపల్లి, న్యాల్‌కల్, ఝరాసంగం దిక్కు ఏ తండాకు పోయినా ఇదే అడుగుతరు. నేను వకీల్‌ను గాదు. సదివింది పదో తరగతి. గని కేసులైనోళ్ల ఎంబడి తిరిగి తిరిగి, చట్టం పుస్తకాలు ముంగట వేసుకొని నేర్చుకున్నది ఇంత ఉన్నది. అది ఇక్కడ రాస్తున్న. తర్వాత నా మాట చెప్త.

ఉన్న సంగతి: అవును, కేసే

మన దగ్గర మందు మీద ముఖ్యంగా రెండు చట్టాలు నడుస్తయి. ఒకటి 1968 నాటి ఎక్సైజ్ చట్టం. ఉమ్మడి రాష్ట్రంల చేసింది, తెలంగాణ వచ్చినంక మనం అట్లనే తెచ్చుకున్నం. లైసెన్స్ లేకుంట మత్తు పదార్థం తయారు చెయ్యొద్దు, అమ్మొద్దు అని అది చెప్తది. రెండోది 1995 నాటి మద్యనిషేధ చట్టం.

"మద్యనిషేధం ఎప్పుడో ఎత్తేసిన్రు గదా" అంటరు చాలమంది. సగమే ఎత్తేసిన్రు. 1992ల నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు సారా మీద లొల్లి మొదలువెట్టిన్రు. అది రాష్ట్రమంత పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి కోట్ల విజయభాస్కర్ రెడ్డి సర్కారు సారాను బంద్ వెట్టింది. 1995 జనవరిల ఎన్టీఆర్ సర్కారు మొత్తం మందునే బంద్ వెట్టింది. 1997ల చంద్రబాబు సర్కారు బ్రాందీ, విస్కీ, బీర్లకు తలుపు తీసింది. సారాకు మాత్రం తియ్యలే. చట్టంల సెక్షన్ 7ఏ అని ఒకటి చేర్చిన్రు. దాని ప్రకారం సారా కొనుడు, అమ్ముడు, దగ్గర వెట్టుకునుడు, తాగుడు అన్నీ నేరమే. ఇయ్యాల్టికి మన ఊర్లల్ల గుడుంబ కేసు కాయిదాల మీద గీ "7ఏ, 8ఇ" అనే నంబర్లే కనవడ్తయి.

అందుకే "అమ్మలే, ఇంటికోసం కాసుకున్న" అనే మాట చట్టం ముంగట నిలవడదు. కాసుడు ఒక నేరం, ఇంట్ల పెట్టుకునుడు ఇంకో నేరం. అమ్మితే అది మూడోది.

సొంటి, వాము, తుమ్మచెక్క, ఇప్పపువ్వు ఏం కలిపినా సంగతి మారదు. జడీబూటి ఏసినంత మాత్రాన సారా మందుబిళ్ల గాదు. లైసెన్స్ ఉన్న బారోడు గూడ ఇంట్ల కాసిన సరుకు తెచ్చి, మూలికలు నానవెట్టి పోస్తనంటే కుదరదు. తెలంగాణ బేవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచి వచ్చిన సీసనే ఆయన అమ్మాలె. అండ్ల ఇంకోటి కలిపిండంటే అది కల్తీ కేసు.

బెల్లం సంగతి గూడ ఇన్నరా? జహీరాబాద్ చెరుకు గడ్డ. బెల్లం ఉండుడు నేరం గాదు. పటిక ఉండుడు గూడ నేరం గాదు. గని సారా కాసెతందుకే పెట్టుకున్నవని అధికారి చూపెడ్తే ఆ బెల్లం, పటిక, కుండ, గొట్టం అన్నీ కేసుల సామానే. బెల్లం పానకం నానవెట్టిన డ్రమ్ము దొరికిందంటే, ఒక్క చుక్క సారా దిగకున్నా కేసు వడ్తది.

బైండోవర్ అంటే శిక్ష గాదు

దొరికినోళ్లను తహసీల్దార్ ముందట బైండోవర్ చేస్తరు. "మళ్ల గీ పని చెయ్య, చేస్తే ఇన్ని పైసలు కడ్త" అని రాసిచ్చే బాండు అది. మాట తప్పితే ఆ పైసలు కట్టాలె, జైలుకు గూడ పంపొచ్చు.

అలవాటుగ నేరం చేసేటోళ్ల మీద పెట్టిన సెక్షన్ ఇది. పాత సీఆర్పీసీల 110, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్‌ల 129. ముందుగాల నీ మీద ఏం ఆరోపణ ఉన్నదో రాతపూర్వకంగ చెప్పాలె. నీ జవాబు ఇనాలె. విచారణ చెయ్యాలె. గప్పుడే బాండు అడగాలె. ఒక్కపారి దొరికిన మనిషిని నేరుగ కూసోవెట్టి ఏలిముద్ర ఏయించుడు ఆ పద్ధతి గాదు. ఆ అక్కకు ఒక ఆఫీసుల అయింది గదే. జవాబు అడిగినోళ్లు లేరు, సదివి వినిపించినోళ్లు లేరు.

ఇంకా పెద్ద కత్తి పీడీ చట్టం, 1986ది. అండ్ల "బూట్‌లెగర్" అనే మాట ఉన్నది. దాని కింద ఏడాది దాక విచారణ లేకుంట జైల్ల పెట్టొచ్చు. తెలంగాణల గీ చట్టాన్ని ఇష్టమొచ్చినట్టు వాడుతున్నరని 2023ల అమీనా బేగం కేసుల సుప్రీంకోర్టే గట్టిగ అన్నది.

అందుకే ఒక్క మాట యాదివెట్టుకోండ్రి. సదవకుంట ఏలిముద్ర ఏయకుండ్రి. ఆడోళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆమ్దానీ ఎంతున్నా సర్కారు ఖర్చుతోని వకీల్‌ను ఇయ్యాలె. 1987 న్యాయసేవల చట్టం ఇచ్చిన హక్కు అది. 15100 నంబరుకు ఫోన్ చేసి అడగొచ్చు, కోర్టు కాడ న్యాయసేవా కమిటీల దరఖాస్తు ఇయ్యొచ్చు.

కల్లు లెక్క వేరు

కల్లు సారా కిందికి రాదు. ఈత చెట్టు, తాటి చెట్టు గీసెతందుకు గీత కార్మికుల సొసైటీలకు, ఒక్కొక్కలకు గూడ లైసెన్సులు ఇస్తరు. లైసెన్స్ ఉన్నోళ్ల కాడ కొనుక్కొని ఎల్లమ్మకు సాక వోస్తే ఏ కేసూ లేదు.

గని పైలం. చెట్లు తక్కువైనయి, అమ్మకం తగ్గలే. నడుమల వచ్చిందే మందు కల్లు. క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రాజోలం కలుపుతున్నరు. 2025 జులైల కూకట్‌పల్లి కల్లు దుక్నాలల్ల తాగిన కూలోళ్లు ఎంతమంది సచ్చిన్రో మనం చూసినం. అల్ప్రాజోలం మత్తుమందుల చట్టం కిందికి వస్తది. వంద గ్రాములు దాటి దొరికితే అది వ్యాపారానికి పెట్టుకున్న మోతాదు లెక్కనే చూస్తరు, బెయిల్ దొరుకుడే కష్టం.

మూడు రాష్ట్రాల మూలమలుపు

మనం ఉన్నది ముంబై రోడ్డు మీద. బీదర్ పక్కకే ఉన్నది, ఇంకొంచెం పోతే మహారాష్ట్ర. మహారాష్ట్రల దేశీ దారు సర్కారు లైసెన్స్‌తోని దుక్నంల అమ్ముతరు. కర్ణాటక 2007 జులై నుంచి సారాను బంద్ వెట్టింది. మన దగ్గర 1993 నుంచి బంద్. అక్కడ బిల్లుతోని కొన్న దేశీ దారు సీస ఇక్కడికి తెస్తే, ఇక్కడి పన్ను కట్టని సరుకని పట్టుకుంటరు. సీస మారలే, అండ్లున్నది మారలే. మారింది రాష్ట్రం సరిహద్దు.

గోవాల జీడిమామిడి పండుతోని కాసే ఫెనీకి 2009ల జీఐ గుర్తింపు వచ్చింది. 2016ల దాన్ని వారసత్వ పానీయం అన్నది ఆ సర్కారు. మధ్యప్రదేశ్ 2022ల ఇప్పసారాకు హెరిటేజ్ లిక్కర్ అని పేరు వెట్టి అలీరాజ్‌పూర్, డిండోరి ఆదివాసీ సంఘాలకు లైసెన్సులు ఇచ్చింది.

దూరం పోతే థాయిలాండ్ ఉన్నది. అక్కడ యాదాంగ్ అని మూలికలు నానవెట్టిన సారా బండ్ల మీద, చిన్న బార్లల్ల అమ్ముతరు. కూలోళ్లు తాగేది. లైసెన్స్ లేకుంట కాసినా, అమ్మినా అక్కడ గూడ తప్పే. ఇంట్ల తాగెతందుకు మాత్రం 2022 నవంబర్‌ల నియమం మార్చిన్రు, అమ్మకుంట ఏడాదికి 200 లీటర్ల దాక బీరు లెక్క పులవవెట్టుకోవచ్చు. కాసుడుకు ఆ సడలింపు లేదు. 2024 ఆగస్టుల బ్యాంకాక్‌ల అట్లాంటి యాదాంగ్ తాగి మనుషులు సచ్చిన్రు. అండ్ల మిథనాల్ కలిసింది.

మిథనాల్ మాట సక్కగ అర్థం జేసుకోవాలె. బెల్లం పానకం పులిస్తే వచ్చేది ఇథనాల్. సంపేటంత మిథనాల్ అండ్ల మామూలుగ రాదు. అది ఫ్యాక్టరీ సరుకు, రంగులకు, కెమికల్స్‌కు వాడేది. చవుకగ ఎక్కువ సరుకు చేద్దామని వ్యాపారి దాన్ని కలుపుతడు. 2024 జూన్‌ల తమిళనాడు కళ్లకురిచ్చిల 60 మందికి పైన సచ్చింది గట్లనే. అక్కడ గూడ సారా బందే. బంద్ వెట్టినంత మాత్రాన విషం ఆగలే.

జడీబూటి మందు దుక్నంల ఉన్నది

ఇంకో సంగతి చాలమందికి ఎరుక లేదు. మూలికలతోని పులవవెట్టిన మందు మన దేశంల చట్టప్రకారమే అమ్ముడువోతది. ద్రాక్షాసవం, అశోకారిష్టం, దశమూలారిష్టం ఎప్పుడన్న తాగిన్రా? ఆసవాలు, అరిష్టాలు అంటే అవే. బెల్లం, మూలికలు, ధాతకి పువ్వు ఏసి పులవవెడ్తరు. అండ్ల దానంతట అదే ఆల్కహాల్ పుడ్తది. ఆ సంగతి సీస మీద గూడ రాసుంటది. 1940 నాటి మందుల చట్టం కింద లైసెన్స్. 2017 దాక 1955 నాటి సుంకం చట్టం కింద లెక్క ఉండె. కంపెనీ చేస్తే ఆయుర్వేదం.

తండాల అక్క కాసింది గూడ అదే అని నేను అంటలేను. ఆసవం బట్టీ ఎక్కదు, ఊరికె పులుస్తది, బలం తక్కువ. సారా బట్టీ ఎక్కుతది. గా తేడా నిజం. గని హైదరాబాద్‌ల పెద్ద హోటళ్లు లైసెన్స్ కట్టి సొంత బీరు తయారు చేస్తున్నయి, మైక్రోబ్రూవరీ అంటరు. తయారు చేసుడే పాపమైతే అక్కడ గూడ పాపమే కావాలె. పైసలున్నోనికి లైసెన్స్ అనే తొవ్వ ఉన్నది. తండా ఆడామెకు గా తొవ్వ లేనే లేదు, అడుగుదామన్న దరఖాస్తు కాయిదమే లేదు.

సర్కారు చేతుల ఏమున్నది

మందు అమ్ముకునుడు ఎవ్వలికీ ప్రాథమిక హక్కు గాదని 1994ల ఖోడే డిస్టిలరీస్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. రాజ్యాంగం 47వ అధికరణం మత్తు బంద్ చెయ్యాలెనని సర్కారుకు చెప్తది. అది గూడ మంచిదే. మరి సర్కారు చేస్తున్నదేంది? 2023ల రాష్ట్రంల 2,620 వైన్ షాపులకు లాటరీ తీసిన్రు. దరఖాస్తుకు 2 లక్షలు, దుక్నం రాకున్నా వాపస్ ఇయ్యరు. 1.31 లక్షల దరఖాస్తులు వచ్చినయి. సీస అమ్మకముందే సర్కారుకు 2,600 కోట్లకు పైన ముట్టినయి.

గా దుక్నపోళ్లు పెట్టుబడి తీసుకోవాలంటే ఊరూరికి బెల్ట్ షాపు కావాలె. బెల్ట్ షాపు గూడ లైసెన్స్ లేని అమ్మకమే. గుడుంబ ఏ చట్టం కింద నేరమో, కిరాణం దుక్నంల ఫ్రిజ్‌ల పెట్టిన బీరు గూడ గదే 1968 చట్టం కింద నేరం. కేసులు మాత్రం రెండింటికీ ఒక్క తీరుగ వడ్తలేవు.

నేను గుడుంబకు వకాల్తా వడ్తలేను. మా చిన్నాయిన గుడుంబకే పోయిండు, నలభై నిండలే. మా చిన్నమ్మ ఇద్దరు పిల్లలను ఏసుకొని కూలికి పోయింది. దూబగుంట అక్కలు కొట్లాడింది నిజం, వాళ్లు గెల్చింది నిజం. గని వాళ్లు కొట్లాడింది ఇండ్లు కూల్చే తాగుడు మీద. 1997ల చేసిన సగం మార్పు ఆ కొట్లాటను సర్కారు సీస అమ్ముకునేటట్టు మలిపింది.

నేను అడిగేది మూడు ముచ్చట్లు. ఒకటి, సాకకు, లగ్గానికి ఇంట్ల కాసుకున్న నాలుగు సీసలకు బైండోవర్, పీడీ పెట్టుడు ఆపాలె. షెడ్యూల్డ్ ప్రాంతాలల్ల 1996 పెసా చట్టం మత్తు మీద గ్రామసభకు అధికారం ఇచ్చింది. జహీరాబాద్ తండాలు షెడ్యూల్డ్ ప్రాంతం గాదు. 2018ల తండాలను పంచాయతీలు చేసిన్రు, మరి అట్లాంటి అధికారం ఈ తండా పంచాయతీలకు గూడ ఇయ్యరాదా? బెల్ట్ షాపు వద్దని తీర్మానం చేసే బలం గూడ అండ్లనే వస్తది. రెండు, గుడుంబ ఇడిసిపెట్టినోళ్లకు బతుకుదెరువు చూపెడ్తమన్న సాయం, పోయిన పదేండ్లల్ల ఎవలికి ముట్టిందో ఊరూరికి జాబితా వెట్టాలె. మూడు, కల్లుల మందు కలిపేటోన్ని, స్పిరిట్ తెచ్చేటోన్ని పట్టాలె. మనుషులను సంపుతున్నది వాళ్లు.

ఆ అక్కతోని కోర్టు కాడి న్యాయసేవా కమిటీకి పోయిన. దరఖాస్తు ఇచ్చినం. బిడ్డ లగ్గం అయింది. సాకకు లైసెన్స్ ఉన్న గౌడ్ దగ్గర ఈత కల్లు తెచ్చిన్రు. "దేవుడు ఒప్పుకున్నడా అక్కా?" అని అడిగిన.

"దేవుడు ఎప్పుడన్న వద్దన్నడా తమ్మీ" అన్నది. "లగ్గంల తాగినోళ్లు మాత్రం బెల్ట్ షాపుకే పోయిన్రు. ఆ రాత్రి వానికి ఎంత గిరాకి అయిందో, వాని మీద కేసే లేదు."