పొలం గట్టున తీగ: దొండా? లింగదొండా?



వానలు పడగానే పొలం గట్ల మీద, కంచెల మీద రకరకాల తీగలు అల్లుకుంటాయి. "ఇది అడవి దొండేనా? వండుకోవచ్చా?" అని మన ఆసుపత్రికి వచ్చే తల్లులు అడుగుతుంటారు. అడగడమే మంచిది. ఎందుకంటే దొండ పాకే కంచె మీదనే దానిని పోలిన విషపు తీగ లింగదొండ కూడా పాకుతుంది.

రెండవ రాజులు 4వ అధ్యాయంలో, కరవు రోజుల్లో ఒకడు పొలంలో తనకు తెలియని తీగ కాయలు కోసుకొచ్చి కుండలో వేసిన సంగతి మనం చదివాం. అతని ఉద్దేశం మంచిదే, తీగను గుర్తుపట్టలేకపోయాడు. ఆ పొరపాటు మన ఇంట జరగకుండా ఈ గుర్తులు తెలుసుకుందాం.

పువ్వు: దొండ పువ్వు తెల్లగా, పెద్దగా, అయిదు మొనల నక్షత్రంలా ఉంటుంది. లింగదొండ పూలు చిన్నవి. లేత పసుపు రంగులో, ఆకు మొదట్లో గుత్తులుగా పూస్తాయి.

నులితీగ: దొండకు చీలిక లేకుండా ఒంటిగా ఉంటుంది. లింగదొండకు రెండుగా చీలుతుంది.

ఆకు: దొండ ఆకు నునుపుగా ఉంటుంది. లింగదొండ ఆకు అయిదు వేళ్లలా లోతుగా చీలి, పైన గరుకుగా ఉంటుంది.

కాయ: పొరపాటు ఇక్కడే జరుగుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు రెండింటికీ తెల్ల చారలుంటాయి. దొండ కోలగా ఉండి, పండితే అంతా ఎర్రబడుతుంది. లింగదొండ గోళీలా గుండ్రంగా ఉంటుంది, పండి ఎర్రబడినా తెల్ల చారలు పోవు. పిల్లల కళ్లు పడేది దీని మీదే.

వీటిలో ఒక్క గుర్తు సరిపోకపోయినా కోయవద్దు. అన్నీ సరిపోతే దొండ లేత చిగుళ్లు ఆకుకూరగా, లేత కాయలు వేపుడుగా వండుకోవచ్చు. అయితే అడవి దొండలో చేదు కాయలు కూడా ఉంటాయి. వండేముందు చిన్న ముక్క నాలుకకు తాకించి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మివేసి, నోరు పుక్కిలించి, ఆ కాయలు పారవేయండి. ఉడికిస్తే విషం పోతుందనుకోవద్దు. కాకర చేదు సంగతి వేరు, అది దాని సహజ గుణం. దొండ, సొర, దోస, బీర చేదెక్కితే మాత్రం ప్రమాదమే. 2010లో ఢిల్లీలో చేదు సొరకాయ రసం తాగిన ఒక శాస్త్రవేత్త మరణించారు. ఆ తరువాత భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణులు, చేదుగా ఉన్న రసం తాగనే వద్దని హెచ్చరించారు.

పొరపాటున తిన్నవారికి వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి మొదలైతే నాటుమందులతో కాలయాపన చేయకండి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. త్వరగా సెలైను ఎక్కించి, రక్తపోటు పడిపోకుండా చూడడమే చికిత్స. కాబట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. తిన్న కాయను, ఆకుతో సహా తీగ ముక్కను ఒక సంచిలో వేసి వెంట తెండి. ఏం తిన్నారో మాకు త్వరగా తెలుస్తుంది.

ఈసారి పొలానికి వెళ్లినప్పుడు మీ పిల్లలకు ఈ రెండు తీగలను పక్కపక్కన పెట్టి చూపించండి.