అడగకముందే గమనిద్దాం

"అబ్బాజాన్, ఎలా ఉన్నారు?" అని ఫోనులో అడుగుతాము. "అల్‌హమ్దులిల్లాహ్" అన్న జవాబుతో తృప్తి చెందుతాము. కాని బిడ్డలకు భారం కారాదని తల్లిదండ్రులు దాచుకొనేది మాటల్లో వినపడదు, ఇంటిలోనే కనపడుతుంది. ఫజ్ర్‌కు మస్జిదుకు వెళ్ళే తండ్రి ఇంట్లోనే నమాజు చేసుకొంటున్నారా? వుజూ చేస్తూ గోడ పట్టుకొంటున్నారా? అమ్మీజాన్ రకాతుల లెక్క తరచుగా మరచిపోతున్నారా? మందులు వేసుకోకుండా మిగిలిపోతున్నాయా?

బనీ ఇస్రాయీల్ సూరా 23వ ఆయతు వృద్ధ తల్లిదండ్రుల ముందు విసుగుతో 'ఉఫ్' అనడాన్ని సైతం వారించింది. వారు మన వద్ద వృద్ధులు కావడాన్నే అది ప్రస్తావించింది. వద్ద లేనివారికి ఈ మార్పులు తెలిసేదెలా?

నిలబడలేనివారు కూర్చొని నమాజు చేసే సౌలభ్యాన్ని షరీఅతే ఇచ్చింది. వుజూకు ఒక పీట, స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒక కమ్మీ మనం అమర్చలేమా? మతిమరుపు పెరిగితే వైద్యునికి చూపలేమా? వారు నోరు తెరచి అడిగేదాకా ఆగితే అది సేవ అనిపించుకోదు. ఈ జుమా నాడే వెళ్ళి, వారి పక్కన కాసేపు కూర్చుందాం.