మీకు తెలుసా? కొలతతోపాటు గ్లాసు సైజూ రాయాలి

కడప జిల్లాలోని గండికోటకు రాసిపెట్టిన చరిత్ర ఉంది. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ (1754–1821) సిబ్బంది ఊరూరా తిరిగి సేకరించిన కైఫియత్తుల్లో, అంటే స్థానిక చరిత్రల్లో, ఈ కోటదీ ఒకటి. అయితే వాటి చూపు ఎక్కువగా పాలకులు, గుళ్లు, మాన్యాల మీదే. కోటలో ధాన్యాగారం ఇప్పటికీ నిలబడి ఉంది. ఆ గింజలు ఏ ఇంట ఎలా ఉడికాయో చెప్పే కాగితం దొరకడం మాత్రం కష్టం. అందుకే జమ్మలమడుగులోనో పులివెందులలోనో ఒక ఇల్లాలు వంటల నోటుపుస్తకం పెట్టుకుంటే అది కాలక్షేపం కాదు, చరిత్ర రాయడమే.

చేయి తిరిగినవాళ్లకు కొలతలెందుకు, వీడియోలున్నాయి కదా అంటారు. నిజమే, రాగి సంగటి వీడియోలకు కొదవ లేదు. కానీ మెత్తగా ఉడికిన బియ్యం మీద రాగిపిండి కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి మగ్గనిచ్చి, ఆ తర్వాతే గెలికే ఈ వంటలో బియ్యానికి పిండి ఎంత, నీళ్లెన్ని అన్నది ఇంటింటికీ మారుతుంది. వీడియోలో కనిపించేది ఒకరింటి పాళ్లే. అంచనా అంతా రాతకు లొంగదన్నది ఒప్పుకోవాల్సిందే. అయినా ‘రెండు గ్లాసుల నీళ్లు’ అన్నచోట ఆ గ్లాసు ఎన్ని మిల్లీలీటర్లో రాస్తే సగం చిక్కు విడిపోతుంది. ఊరుబిండి పచ్చడికి చెనక్కాయ (వేరుశనగ) గింజలు ఎంతసేపు వేయించాలంటే మాత్రం రంగు చూసుకోవాల్సిందే. నిమిషాల లెక్క అక్కడ పనికిరాదు.