చాకు తెరిచారు సరే... లాక్ పడిందా?

బస్తా సుతిలి తెంచాలి. మామిడికాయ చెక్కాలి. కరెంటు వైరు మీది తొడుగు ఒలవాలి. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల చేలల్లో, తోటల్లో, కొత్తగా లేస్తున్న ఇళ్లలో మడత చాకుకు పని లేని రోజుండదు. మడిచి జేబులో వేసుకుంటే భయం లేదు. మరి తెరిచినప్పుడు? ఆ బ్లేడు తిరిగి మీ వేళ్ల మీదే మూసుకోకుండా ఆపుతున్నదేమిటో ఎప్పుడైనా చూశారా?

కొన్నిటిలో ఆపేదేమీ ఉండదు! చిన్న సైజు స్విస్ ఆర్మీ చాకుల్లో చాలావాటికి లాక్ లేదు. వెనకనున్న స్ప్రింగ్ పట్టీ అదిమి పడుతుంది, అంతే. ఆ సంగతి తెలిసినవాళ్లు జాగ్రత్తగానే వాడతారు. చిక్కంతా లాక్ ఉందన్న ధీమాతోనే.

ఉల్లిపాయ కోసేటప్పుడు బ్లేడు తెరుచుకునే వైపే ఒత్తిడి పడుతుంది. అప్పుడు లాక్‌కు దాదాపు పనే లేదు. అందుకే అరిగిన లాక్ కూడా ఏళ్ల తరబడి బయటపడదు. మొనతో డబ్బాకు చిల్లి పొడిచినప్పుడో, కట్టెలో ఇరుక్కున్న బ్లేడును మెలితిప్పి లాగినప్పుడో భారం మూసుకునే వైపు తిరుగుతుంది. లాక్ పరీక్ష అప్పుడే... మూల్యం వేళ్లది!

పిడి లోపలి రేకు పక్కకు జారి బ్లేడు మొదలుకు అడ్డం నిలిచేది లైనర్ లాక్. కొత్తలో రేకు ఒక అంచునే ఆనుతుంది. అరిగేకొద్దీ అవతలికి జరుగుతూ ఆ లోటు తనే పూడ్చుకుంటుంది. అవతలి గోడను తాకిందా, ఇక జరగడానికి చోటు లేదు. బ్లేడు ఊగడం మొదలవుతుంది. మెత్తటి రేకుతో చేసిన చౌక చాకుల్లో ఈ రోజు తొందరగా వస్తుంది.

వెన్ను మీద నొక్కి మూసే రకం వేరు. అమెరికాలో బక్ కంపెనీ 1964లో తెచ్చిన 110 మోడల్‌తో దానికి బాగా పేరొచ్చింది. ఇందులో లాక్ పన్ను బ్లేడు గాడిలో పడాలి. జేబు నూగు, మట్టి, మామిడి సొన ఆ గాడిలో చేరితే పన్ను సగమే దిగుతుంది. పైకి మాత్రం అంతా బాగున్నట్టే! ఫ్రాన్స్‌కు చెందిన ఓపినెల్ 1955లో పెట్టిన తిరిగే ఉంగరం లాక్ వీటన్నిటికంటే సులువనిపిస్తుంది. పడిందో లేదో కంటికి తెలుస్తుంది.

మణికట్టు విదిలించి 'టక్'మని తెరవడం కుర్రాళ్లకు సరదా. రౌడీల సినిమాల పుణ్యం! రాంపూర్ చాకుల ఖ్యాతి ఎంతంటే, 2023లో ఆ ఊరి కూడలిలో ఇరవై అడుగుల చాకునే నిలబెట్టారు. కానీ అలా విదిలించిన ప్రతిసారీ దెబ్బ లాక్ మీదే పడుతుంది.

మీ చాకు సంగతి తేల్చుకోవాలా? నెమ్మదిగా తెరవండి. బ్లేడు మడిచే దారిలో వేళ్లు లేకుండా పిడిని పక్కల నుంచి పట్టుకుని, బ్లేడు వెన్నును చెక్కబల్లకు ఆనించి మెల్లగా నొక్కండి. కొట్టొద్దు, దెబ్బలకు మంచి లాకూ పాడవుతుంది. కదిలితే పాత టూత్‌బ్రష్‌తో, సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. మడత కీలుకు ఒక చుక్క మిషన్ నూనె చాలు, లాక్ ఆనే చోట నూనె తుడిచేయండి. అయినా కదిలితే ఆ చాకును పక్కన పెట్టడమే. సుత్తితో రేకు వంచే మరమ్మతులు వద్దు.

ఒకవేళ వేలు తెగి, అది మడవలేకపోతున్నా, కొస మొద్దుబారినా పసుపు అద్ది ఊరుకోకండి. లోపల నరం తెగి ఉండొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.